బీటీ పత్తి: మొక్కలోకి కొత్త జన్యువును ఎలా పంపుతారు? సూరత్ హైబ్రిడ్‌కూ గులాబీ పురుగుకూ ఏమిటి సంబంధం?

భారతదేశంలో రైతులు వాణిజ్యపరంగా సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట ఇప్పటికీ ఒక్కటే. అది పత్తి.

2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. పదేళ్లు తిరిగేసరికి దేశంలోని పత్తి విస్తీర్ణంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు బీటీ విత్తనాలే ఆక్రమించాయి. కాయతొలుచు పురుగును చంపే గుణాన్ని విత్తనంలోనే పెట్టామన్నది ఆ రోజుల్లో కంపెనీలు ఇచ్చిన భరోసా. ఆ పురుగుల్లో ఒకటైన గులాబీ రంగు పురుగు ఇప్పుడు గుజరాత్ నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దాకా బీటీ పత్తి కాయల్లోనే బతుకుతోంది.

మరి శాస్త్రం ఎక్కడ తప్పింది? జన్యువు పని చేయలేదా?

జన్యువు పని చేసింది. దాన్ని ఏ విత్తనంలో పెట్టారు, ఆ విత్తనం ఎన్ని నెలలు పొలంలో ఉంది, చుట్టూ ఏ పంట ఉంది అన్న విషయాలే దాని ఆయుష్షును నిర్ణయించాయి. అందుకే బీటీ పత్తి కథను అమెరికా ల్యాబ్‌తో పాటు సూరత్‌లోని ఒక పరిశోధన కేంద్రం నుంచి కూడా చూడాల్సి ఉంటుంది.

సూరత్‌లో ఏం జరిగింది?

సూరత్ అంటే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది చీరలు, మరమగ్గాలు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా ఆ నగరంలో స్థిరపడ్డాయి. ఈ రోజు అక్కడ నేసేది ఎక్కువగా పాలిస్టర్ అయినా, ఒకప్పుడు ఆ ఊరి పేరు పత్తితోనే ముడిపడి ఉండేది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి సరఫరా ఆగిపోయినప్పుడు ఇంగ్లండ్‌లోని మిల్లులు భారతీయ పత్తి మీద ఆధారపడ్డాయి. అక్కడి కార్మికులు ఆ పొట్టి పింజ పత్తిని 'సూరత్' అనే పిలిచేవారు. పోగు తెగిపోతుందని తిట్టుకునేవారు.

ఆ నగరంలోని అఠ్వా ప్రాంతంలో ప్రధాన పత్తి పరిశోధన కేంద్రం ఉంది. ఇప్పుడది నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేస్తోంది. 1970లో అక్కడి శాస్త్రవేత్త సి.టి.పటేల్ 'హైబ్రిడ్-4' అనే పత్తిని విడుదల చేశారు. రైతులు 'హెచ్-4' అనేవారు. వాణిజ్యపరంగా సాగులోకి వచ్చిన ప్రపంచంలోని తొలి పత్తి హైబ్రిడ్ అదే.

హెచ్-4లో జన్యుమార్పిడి ఏమీ లేదు. గుజరాత్-67 అనే రకాన్ని ఆడ మొక్కగా, 'అమెరికన్ నెక్టరీలెస్' అనే రకాన్ని మగ మొక్కగా తీసుకుని చేత్తో సంకరం చేశారు. పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అందువల్ల తర్వాతి రోజు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే విప్పి, పుప్పొడి తిత్తుల్ని తీసేయాలి. మర్నాడు ఉదయం మగ మొక్క పువ్వును తెచ్చి కీలాగ్రానికి రాయాలి. ఒక్కో పువ్వుకూ ఇంత పని. గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో 'సీడ్ పత్తి' పండించే రైతులకు ఈ 'క్రాసింగ్' బాగా తెలిసిన పనే. దీని వెనకున్న కూలి భారం, అందులో బాలికల శ్రమ ఏళ్ల తరబడి వార్తలకెక్కాయి.

ఇంత కష్టపడి తీసిన హైబ్రిడ్ మొదటి తరంలో ఏపుగా పెరుగుతుంది, బాగా కాస్తుంది. కానీ ఆ పంట నుంచి తీసిన గింజల్ని మళ్లీ విత్తితే మొక్కలన్నీ ఒకేలా రావు, దిగుబడి పడిపోతుంది. కాబట్టి రైతు ఏటా విత్తనం కొనాల్సిందే. సూరత్‌లో పుట్టింది కొత్త పత్తి ఒక్కటే కాదు. పత్తి విత్తనాలకు ఏటా నడిచే ఒక మార్కెట్ కూడా దాంతోపాటే పుట్టింది.

సంకరానికీ జన్యుమార్పిడికీ తేడా ఏమిటి?

సంకరంలో రెండు పత్తి మొక్కల వేలాది జన్యువులు కలిసిపోతాయి. ఏది ఎటు పోతుందో ముందుగా తెలియదు. సంతానంలోంచి మంచివాటిని ఏరుకోవడమే పని. పైగా పత్తిని పత్తితోనో, దానికి దగ్గరి బంధువుతోనో మాత్రమే కలపగలం.

జన్యుమార్పిడిలో ఎంచుకున్న ఒకటి రెండు జన్యువుల్ని మాత్రమే తీసుకుంటారు. అవి ఏ జీవి నుంచైనా రావచ్చు. బ్యాక్టీరియా, మనిషి, మొక్క ఏదైనా డీఎన్‌ఏ రాత ఒకే లిపిలో ఉంటుంది కాబట్టి ఒక జీవి జన్యువును మరో జీవి కణం చదవగలుగుతుంది.

పత్తి విషయంలో ఆ జన్యువు నేలలో ఉండే 'బాసిల్లస్ తురింజియెన్సిస్' అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. పొడి అక్షరాల్లో బీటీ. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు చనిపోతుంటే కారణం వెతికిన ఇషివాటా దీన్ని మొదట గుర్తించారు. పదేళ్ల తర్వాత జర్మనీలోని తురింజియా ప్రాంతంలో పిండి పురుగుల్లో బెర్లినర్ మళ్లీ కనుగొన్నారు. పేరు అలా వచ్చింది.

ఈ బ్యాక్టీరియా 'క్రై' అనే ప్రొటీన్ స్ఫటికాల్ని తయారు చేస్తుంది. కొన్ని జాతుల లార్వాలు వాటిని మింగితే, క్షారగుణం ఉన్న వాటి పేగులో స్ఫటికాలు కరుగుతాయి. అక్కడి ఎంజైములు ఆ ప్రొటీన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తాయి. అది పేగు గోడ మీదుండే ప్రత్యేక గ్రాహకాలకు, అంటే తాళానికి తాళంచెవిలా సరిపోయే భాగాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు తినడం మానేసి కొద్ది రోజుల్లో చనిపోతుంది. మనిషి జీర్ణాశయం ఆమ్లగుణంతో ఉంటుంది, ఆ గ్రాహకాలూ మన పేగుల్లో ఉండవు. బీటీ పొడిని చల్లే పురుగుమందుగా రైతులు ఎప్పటి నుంచో వాడుతున్నారు. అయితే ఎండకు, వానకు అది నిలవదు. కాయలోకి దూరిన పురుగును అందుకోదు. మొక్కే ఆ ప్రొటీన్‌ను తయారు చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు కదా అన్నదే బీటీ పత్తి వెనకున్న ఆలోచన.

జన్యువును ఎలా సిద్ధం చేస్తారు?

బ్యాక్టీరియా జన్యువును ఉన్నది ఉన్నట్టు తెచ్చి మొక్కలో పెడితే సరిపోదు. దానికి ముందూ వెనకా మరికొన్ని డీఎన్‌ఏ ముక్కలు జోడించాలి.

మొదటిది ప్రమోటర్. జన్యువును ఎక్కడ, ఎంతగా పనిచేయించాలో చెప్పే స్విచ్ ఇది. బీటీ పత్తిలో వాడిన స్విచ్ కాలిఫ్లవర్‌కు తెగులు తెచ్చే ఒక వైరస్ నుంచి తీసుకున్నది. మొక్కలోని దాదాపు అన్ని భాగాల్లో ఇది పనిచేస్తుంది. రెండోది, జన్యువు ఎక్కడ ముగుస్తుందో చెప్పే ముక్క. మూడోది గుర్తు జన్యువు. కనామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే శక్తినిచ్చే జన్యువును ఇందుకు వాడారు. దీని అవసరం ఏమిటో తర్వాతి దశలో తెలుస్తుంది.

ఇవన్నీ జోడించినా తొలి ప్రయోగాల్లో మొక్కలు క్రై ప్రొటీన్‌ను నామమాత్రంగానే తయారు చేశాయి. బ్యాక్టీరియా రాసే తీరు మొక్కకు అలవాటు లేకపోవడమే కారణం. ఒకే ప్రొటీన్‌ను డీఎన్‌ఏలో పలు రకాలుగా రాయవచ్చు. మోన్సాంటో శాస్త్రవేత్తలు ప్రొటీన్ మారకుండా, మొక్క సులువుగా చదువుకునేలా ఆ జన్యువును తిరగరాశారు. దాంతో ప్రొటీన్ ఉత్పత్తి వంద రెట్ల దాకా పెరిగిందని 1991లో ప్రచురించారు. పురుగును చంపగల మోతాదు మొక్కలో వచ్చింది ఈ తిరగరాత తర్వాతే.

మొక్కలోకి ఎలా పంపుతారు?

ప్రధానంగా రెండు మార్గాలున్నాయి.

మొదటి మార్గంలో ఆ పనిని ఒక బ్యాక్టీరియాకే అప్పగిస్తారు. 'అగ్రోబ్యాక్టీరియం' అనే నేల బ్యాక్టీరియా గాయపడిన మొక్కల్లోకి చేరి కాండం మీద కంతులు పుట్టిస్తుంది. తన డీఎన్‌ఏలో ఒక ముక్కను మొక్క కణంలోకి పంపి, మొక్క డీఎన్‌ఏలో కలిపేయడం ద్వారా అది ఈ పని చేస్తుందని 1970ల్లో తేలింది. బెల్జియంలో జెఫ్ షెల్, మార్క్ వాన్ మోంటాగూ, అమెరికాలో మేరీ డెల్ చిల్టన్ బృందాలు ఈ రహస్యాన్ని విప్పాయి. అంటే ప్రకృతిలో ఎప్పటి నుంచో జరుగుతున్న జన్యుమార్పిడిని శాస్త్రవేత్తలు చూసి నేర్చుకున్నారు. కంతి పుట్టించే జన్యువుల్ని తీసేసి, వాటి స్థానంలో తమకు కావాల్సినవి పెట్టారు. 1983లో తొలి జన్యుమార్పిడి పొగాకు మొక్కలు ఇలాగే వచ్చాయి.

రెండో మార్గం 'జీన్ గన్'. బంగారం లేదా టంగ్‌స్టన్ సూక్ష్మ రేణువులకు డీఎన్‌ఏను పూసి, ఒత్తిడితో మొక్క కణాల్లోకి పేలుస్తారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జాన్ శాన్‌ఫర్డ్ బృందం 1980ల్లో దీన్ని రూపొందించింది.

భారత రైతులకు ఈ రెండు మార్గాల్లో తయారైనవీ చేరాయి. 'బోల్‌గార్డ్' అనే మొదటి తరం బీటీ పత్తిలో క్రై1ఏసీ జన్యువును అగ్రోబ్యాక్టీరియంతో పంపారు. 'బోల్‌గార్డ్-2'లో దానికి తోడుగా క్రై2ఏబీ అనే రెండో జన్యువును గన్‌తో పంపారు. విత్తన దుకాణాల్లో బీజీ-1, బీజీ-2 అనేవి ఇవే.

ఒక్క కణం నుంచి మొక్క దాకా

పత్తి మొలకల కాండాన్ని చిన్న ముక్కలుగా కోసి, అగ్రోబ్యాక్టీరియం ఉన్న ద్రావణంలో ముంచుతారు. రెండు మూడు రోజుల తర్వాత ఆ ముక్కల్ని కనామైసిన్ కలిపిన పోషక జెల్లీ మీద పెంచుతారు. కొత్త జన్యువులు చేరని కణాలు ఆ మందుకు చనిపోతాయి. గుర్తు జన్యువు చేరినవే బతుకుతాయి. లక్షల కణాల్లో జన్యువు చేరిన కొద్దివాటిని ఏరేందుకే ఆ గుర్తు.

బతికిన కణాలు ముద్దలా పెరుగుతాయి. హార్మోన్ల మోతాదు మారుస్తూ ఆ ముద్దలోంచి పిండాల్ని, వాటి నుంచి చిన్న మొక్కల్ని రప్పించాలి. పొగాకులో ఇది తేలిక. పత్తి మాత్రం మొండికేస్తుంది, నెలల తరబడి సమయం పడుతుంది. చాలా పత్తి రకాల్లో ముద్ద నుంచి మొక్క రానే రాదు. అమెరికాకు చెందిన 'కోకర్ 312' అనే పాత రకం ఈ పనికి చక్కగా లొంగుతుంది. అందుకే బోల్‌గార్డ్‌ను దానిలోనే తయారు చేశారు.

కొత్త జన్యువు మొక్క డీఎన్‌ఏలో ఎక్కడ కూర్చుంటుందో ఈ పద్ధతుల్లో మన చేతిలో ఉండదు. ఒక్కో మొక్కలో ఒక్కో చోట. కొన్నింట్లో అసలు పనిచేయదు, కొన్నింట్లో మొక్క సొంత జన్యువును పాడుచేస్తుంది. కాబట్టి పెద్ద సంఖ్యలో మొక్కలు తీసి, ఏళ్లపాటు పరీక్షించి ఒకదాన్ని ఎంపిక చేస్తారు. అలా ఎంచుకున్న, జన్యువు ఫలానా చోట చేరిన మొక్కను 'ఈవెంట్' అంటారు. బోల్‌గార్డ్ ఈవెంట్ పేరు మాన్ 531. ప్రపంచంలో ఆ పేరుతో అమ్ముడైన ప్రతి విత్తనంలోని బీటీ జన్యువూ ఆ ఒక్క మొక్క నుంచి వచ్చినదే.

అమెరికా విత్తనం మన పత్తిలోకి ఎలా వచ్చింది?

కోకర్ రకం మన నేలలకు, మన వానలకు సరిపోదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం అనుమతితో మహారాష్ట్రలోని జాల్నాకు చెందిన మాహికో సంస్థ 100 గ్రాముల బీటీ కోకర్ విత్తనాన్ని దిగుమతి చేసుకుంది. 1996లో ఆ విత్తనం దేశానికి చేరింది.

ఆ తర్వాత జరిగినది పాత పద్ధతే. బీటీ కోకర్‌ను భారతీయ పత్తి రకంతో సంకరం చేస్తారు. వచ్చిన సంతానంలో బీటీ జన్యువు ఉన్నవాటిని ఏరి, మళ్లీ అదే భారతీయ రకంతో కలుపుతారు. ఒక్కో తరానికీ కోకర్ వాటా సగానికి సగం తగ్గుతుంది. ఆరు తరాలయ్యేసరికి బీటీ జన్యువు, దాని చుట్టుపక్కల కొద్ది భాగం మినహా దాదాపు అంతా భారతీయ పత్తే మిగులుతుంది. దీన్ని బ్యాక్‌క్రాసింగ్ అంటారు. ఆధునిక ల్యాబ్‌లో పుట్టిన జన్యువు పొలానికి చేరింది ఇలా చేతి సంకరంతోనే.

మన దేశంలో జన్యుమార్పిడి జీవుల నియంత్రణకు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో నిబంధనలు వచ్చాయి. పర్యావరణ శాఖ ఆధ్వర్యంలోని కమిటీ, పొడి అక్షరాల్లో జీఈఏసీ, తుది నిర్ణయం తీసుకుంటుంది. 2002 మార్చిలో మాహికోకు చెందిన మూడు బీటీ హైబ్రిడ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, గుజరాత్ సహా ఆరు రాష్ట్రాల్లో అనుమతి లభించింది.

కానీ గుజరాత్ రైతులు అప్పటికే బీటీ పత్తి పండిస్తున్నారు. 2001లో కాయతొలుచు పురుగు విరుచుకుపడి పొలాలు నాశనమవుతుంటే, అహ్మదాబాద్‌కు చెందిన నవభారత్ సీడ్స్ అమ్మిన 'నవభారత్ 151' మాత్రం నిలబడింది. పరీక్షిస్తే అందులో క్రై1ఏసీ జన్యువు బయటపడింది. వేల ఎకరాల్లో ఉన్న ఆ పంటను పీకి తగలబెట్టాలని జీఈఏసీ ఆదేశించింది. రైతులు ఎదురుతిరిగారు. ఆ తర్వాతి ఏళ్లలో అనుమతి లేని బీటీ విత్తనాల తయారీ గుజరాత్‌లో కుటీర పరిశ్రమలా సాగింది. జన్యువు ఒకసారి పొలానికి చేరాక దాన్ని కాగితాలు ఆపలేవని ఆ ఉదంతం చూపించింది. గడ్డిమందును తట్టుకునే పత్తి విషయంలో గుజరాత్, మహారాష్ట్ర, తెలుగు రాష్ట్రాల్లో 2017లో మళ్లీ ఇదే జరిగింది. 'బీజీ-3' పేరుతో అమ్ముతున్న ఆ విత్తనానికి అప్పట్లో అనుమతి లేదు.

హైబ్రిడ్లలోనే ఎందుకు పెట్టారు?

అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియాల్లో పత్తి సాగు ప్రధానంగా సూటి రకాలతోనే జరుగుతుంది. సూటి రకం గింజ దాచుకుని విత్తుకున్నా అదే పంట వస్తుంది. అక్కడ కంపెనీలకు పేటెంట్లు, ఒప్పందాల అండ ఉంది. భారత్‌లో అలాంటి అండ బలహీనం. కానీ ఇక్కడ 1970 నుంచి హైబ్రిడ్ పత్తి ఉంది. హైబ్రిడ్‌లో పెడితే రైతు ఏటా కొనక తప్పదు. అందువల్ల బీటీ జన్యువు ఇక్కడ హైబ్రిడ్లలోనే వచ్చింది. అప్పటిదాకా సూటి రకాలు వేస్తున్న రైతులు కూడా బీటీ కోసం హైబ్రిడ్లకు మారాల్సి వచ్చింది.

దీని భారం తొలుత తెలిసింది ధరలో. మొదట్లో 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలకు పైగా పలికింది. అందులో 1,200 రూపాయలకు పైగా బీటీ టెక్నాలజీ రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ మధ్యంతర ఉత్తర్వు తర్వాత ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. మరుసటి ఏడాది పత్తి విత్తనాల ధరల మీద చట్టం తెచ్చింది. 2008లో గుజరాత్ కూడా అదే బాట పట్టింది. 2016 నుంచి కేంద్రమే దేశమంతటికీ ధర నిర్ణయిస్తోంది. ఆ ఏడాది 49 రూపాయలుగా ఉన్న రుసుము 2020లో సున్నాకు చేరింది.

గులాబీ పురుగు ఎలా నెగ్గింది?

ధర తగ్గినా, హైబ్రిడ్‌తో వచ్చిన మరో చిక్కు పొలంలోనే ఉండిపోయింది.

ఏ మందుకైనా లక్షల పురుగుల్లో ఒకటో రెండో తట్టుకునేవి ఉంటాయి. మిగతావన్నీ చనిపోతే ఆ తట్టుకున్నవే జతకట్టి పెరుగుతాయి. దీన్ని ఆలస్యం చేయడానికే బీటీ పొలం చుట్టూ నాన్ బీటీ పత్తి వేయాలని నిబంధన పెట్టారు. అక్కడ బతికిన మామూలు పురుగులు తట్టుకున్న పురుగులతో జతకడితే సంతానం మళ్లీ బీటీకి లొంగుతుంది. ఇందుకోసం ప్రతి ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చేవారు. పురుగుల కోసం పంట వేయడం చిన్న కమతం రైతుకు గిట్టుబాటయ్యే మాట కాదు. ఆ పొట్లాన్ని చాలామంది పక్కన పడేశారు.

శనగపచ్చ పురుగు కంది, శనగ, మిరప లాంటి అనేక పంటల మీద బతుకుతుంది కాబట్టి దానికి సహజంగానే ఆశ్రయం దొరికింది. గులాబీ రంగు పురుగుకు మన పొలాల్లో పత్తే ఆహారం. బీటీ తప్ప వేరే తిండి లేనప్పుడు దానిపై ఒత్తిడి తీవ్రంగా ఉంటుంది. పైగా మన హైబ్రిడ్లు దీర్ఘకాలికం. నీటి వసతి ఉన్నచోట రైతులు వేసవి దాకా పంటను పొడిగిస్తారు. ఆలస్యంగా వచ్చే గులాబీ పురుగుకు అది అదనపు తరాల్ని ఇచ్చింది.

దీనికి జన్యుశాస్త్ర కారణం మరొకటి ఉంది. హైబ్రిడ్‌లో సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే బీటీ జన్యువు వస్తుంది. మొక్కలన్నింటిలో అది ఉన్నా, ఆ మొక్క కాయలోని గింజలు మాత్రం తర్వాతి తరానికి చెందినవి. ఒక జన్యువే ఉంటే గింజల్లో నాలుగో వంతు బీటీ లేకుండా ఉంటాయి. రెండు జన్యువులుంటే పదహారు గింజల్లో తొమ్మిదింట్లో రెండూ, ఆరింట్లో ఏదో ఒకటి, ఒకదాంట్లో ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది గింజల్నే. ఒకే కాయలో విషం ఉన్నవీ లేనివీ, సగం విషమున్నవీ దానికి దొరుకుతాయి. పురుగు రాటుదేలడానికి ఇంతకంటే అనువైన బడి ఉండదని నాగ్‌పుర్ కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన కె.ఆర్.క్రాంతి వాదిస్తూ వచ్చారు.

ఫలితం ముందుగా గుజరాత్‌లోనే కనిపించింది. అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో గులాబీ పురుగు క్రై1ఏసీని తట్టుకుంటోందని 2010 మార్చిలో మోన్సాంటో ప్రకటించింది. 2006లో వచ్చిన బీజీ-2ను పరిష్కారంగా చూపారు. నాలుగైదేళ్లకే దాన్నీ తట్టుకునే పురుగులు గుజరాత్‌లో కనిపించాయి. అక్కడి నుంచి మధ్య, దక్షిణ భారతానికి పాకాయి. క్రై1ఏసీ అతుక్కునే క్యాడరిన్ అనే గ్రాహకం ఈ పురుగుల్లో రూపు మార్చుకుందని, భారత్ నుంచి సేకరించిన నమూనాలపై 2014లో వచ్చిన అధ్యయనం చూపింది. తాళంచెవి అదే, తాళం మారిపోయింది.

ఇదే జన్యువుతో అమెరికాలో ఏం జరిగింది? అక్కడ బీటీ పత్తికి తోడు వంధ్య చిమ్మటల్ని వదిలి, పంట మోళ్లను నాశనం చేసి, 2018లో గులాబీ పురుగును పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించామని ప్రకటించారు. చైనాలోని యాంగ్జీ లోయలో రైతులు హైబ్రిడ్ల రెండో తరం విత్తనాన్ని చౌకగా కొని విత్తడంతో పొలంలో నాలుగో వంతు మొక్కలు నాన్ బీటీ అయ్యాయి. అదే అనుకోకుండా ఆశ్రయంగా మారి, పురుగులో నిరోధం తగ్గుముఖం పట్టిందని 2017లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. జన్యువు ఒకటే. దాన్ని వాడిన తీరు వేరు.

మరి లాభం జరగలేదా?

జరిగింది. 2001-02లో 158 లక్షల బేళ్లున్న దేశ పత్తి ఉత్పత్తి 2013-14లో 398 లక్షల బేళ్లకు చేరింది. 1990ల చివర్లో ఓరుగల్లు పత్తి రైతుల్ని ఉరితాళ్ల దాకా తీసుకెళ్లిన పురుగుల దాడుల్లో శనగపచ్చ పురుగు ముఖ్యమైనది. బీటీ వచ్చాక దాని బెడద చాలా తగ్గింది.

అయితే ఆ పెరుగుదలలో బీటీ వాటా ఎంత అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. విస్తీర్ణం పెరగడం, గుజరాత్‌లో నీటి వసతి మెరుగుపడటం, ఎరువుల వాడకం, కొత్త పురుగుమందులు కూడా అదే కాలంలో కలిసివచ్చాయి. 2020లో 'నేచర్ ప్లాంట్స్' పత్రికలో క్రాంతి, గ్లెన్ స్టోన్ రాసిన విశ్లేషణ ప్రకారం, రైతులు పురుగుమందులపై పెట్టే ఖర్చు బీటీకి ముందున్న స్థాయిని దాటిపోయింది. రసం పీల్చే పురుగులు, గులాబీ పురుగు అందుకు కారణాలు. ఈ లెక్కలతో విభేదించిన ఆర్థికవేత్తలూ ఉన్నారు.

ప్రస్తుతానికి గులాబీ పురుగుకు శాస్త్రవేత్తలు చెబుతున్న మందు కొత్త జన్యువు కాదు. తక్కువ కాలంలో కాతకొచ్చే రకాలు వేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, గుడ్డి పూలను ఏరి నాశనం చేయడం, డిసెంబరు, జనవరికల్లా పంట ముగించి పత్తి కట్టెను పొలంలో ఉంచకపోవడం.

ప్రభుత్వ సంస్థలు ఏం చేశాయి?

సూటి రకంలో బీటీ పెట్టాలన్న ప్రయత్నం జరగకపోలేదు. నాగ్‌పుర్, ధార్వాడ్ శాస్త్రవేత్తలు తయారు చేసిన 'బికనేరి నర్మా బీటీ' 2009లో రైతులకు అందింది. గింజ దాచుకుని మళ్లీ విత్తుకోగల బీటీ పత్తి అది. కానీ అందులో మోన్సాంటో ఈవెంట్ మాన్ 531 కూడా ఉన్నట్టు తేలడంతో వెంటనే ఉపసంహరించారు.

సూరత్ కేంద్రం 2012లో తన పాత హైబ్రిడ్లు గుజరాత్ కాటన్ హైబ్రిడ్-6, హైబ్రిడ్-8లను బీజీ-2 రూపంలో తెచ్చింది. ప్రభుత్వ రంగంలోని తొలి బీటీ హైబ్రిడ్లలో ఇవి ఉన్నాయి. అప్పటికి మార్కెట్ వందలాది ప్రైవేటు హైబ్రిడ్లతో నిండిపోయింది. ఆ తర్వాత పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, నాగ్‌పుర్ సంస్థ క్రై1ఏసీతో సూటి రకాలు తీసుకొచ్చాయి. మొదటి జన్యువును పురుగు ఓడించిన తర్వాత అవి వచ్చాయి.

ఇప్పుడు వస్తున్నదేమిటి?

పదార్థం బయటి నుంచి తేకుండా, మొక్కలో ఉన్న జన్యువునే కత్తిరించి సరిచేసే 'జన్యు సవరణ' ఇప్పుడు ముందుకొచ్చింది. క్రిస్పర్ అనే సాధనం జన్యువులో ఎంచుకున్న చోటే కోత పెడుతుంది. ఎక్కడ కూర్చుంటుందో తెలియని పాత సమస్య ఇందులో చాలావరకు తీరుతుంది. బయటి డీఎన్‌ఏ మిగలని ఇలాంటి మొక్కల్ని 2022 మార్చిలో కేంద్రం 1989 నిబంధనల్లోని కొన్నింటి నుంచి మినహాయించింది.

2025 మే నెలలో ప్రకటించిన తొలి రెండు జన్యు సవరణ వరి రకాలకూ మూలం తెలుగు నేలే. హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారు చేసిన 'కమల' బాపట్ల సాంబ మసూరి నుంచి వచ్చింది. ఢిల్లీలోని పూసా సంస్థ రకం మారుటేరు ఎంటీయూ 1010 నుంచి వచ్చింది. కమల దిగుబడి ఎక్కువనీ, ముందుగా కోతకొస్తుందనీ వ్యవసాయ పరిశోధన మండలి చెబుతోంది. పొలం పరీక్షల వివరాలన్నీ బయటపెట్టాలని రైతు సంఘాలు, కొందరు శాస్త్రవేత్తలు అడుగుతున్నారు. సాధనం మీద పేటెంట్లు ఎవరివి, రైతుపై వాటి ప్రభావం ఏమిటన్న ప్రశ్న కూడా ఉంది. వరి సూటి రకం కావడం ఇక్కడ ఊరట. గింజ దాచుకోవడం సాధ్యమే.

బీటీ వంకాయపై 2010లో విధించిన మారటోరియం కొనసాగుతోంది. జన్యుమార్పిడి ఆవాలపై 2024 జులైలో సుప్రీంకోర్టు ధర్మాసనం భిన్న తీర్పులిచ్చింది. ఈ చర్చలన్నీ ఎక్కువగా జన్యువు సురక్షితమా కాదా అన్నదాని చుట్టూ తిరుగుతున్నాయి. ఆ ప్రశ్న అవసరమే. కానీ రెండు దశాబ్దాల పత్తి అనుభవం దానికి మరికొన్ని జోడించింది. ఆ జన్యువు హైబ్రిడ్‌లో వస్తుందా, సూటి రకంలోనా? పంట కాలం ఎంత? పురుగుకు ఆశ్రయం ఎక్కడ? విత్తనం ధర ఎవరి చేతిలో? ఈ ప్రశ్నలకు జవాబులు అనుమతి పత్రంలోనే ఉండాలి. పత్తి రైతుకు అవి పురుగు పట్టిన కాయను విప్పి చూశాకే తెలిశాయి.